రంగు కాగితంలో గేదె

మా ఊరి గ్రంథాలయంలో పెద్దవాళ్ళ కోసం నెలకి నాలుగు కార్యక్రమాలు జరుగుతాయి. మొదటి ఆదివారం పుస్తక మిత్ర వేదిక. రెండో ఆదివారం వయోవృద్ధుల ఆరోగ్య సంఘం. మూడో ఆదివారం మహిళా పఠన బృందం. నాలుగోది ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు, దాని బ్యానరు మీద పెద్ద చెట్టు బొమ్మ ఉంటుంది. నాలుగింటికీ వచ్చేది అదే పదకొండు మంది. వెనక బ్యానరు మారుతుంది, ముందు మనుషులు మారరు. ఫొటో తీసి పై ఆఫీసుకి పంపాలి కాబట్టి బ్యానరు మీద ముడతలు లేకుండా చూస్తారు. మనుషుల ముడతలకి ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఆ పదకొండు మందిలో నేనొకణ్ణి. మహిళా పఠన బృందం ఫొటోలో కూడా ఒక అంచున నా మోచెయ్యి ఉంది.

నా పేరు ఎర్రన్న. మా ఊరు రాజాంకి ఏడు కిలోమీటర్లు. ముప్పై ఎనిమిదేళ్ళు ధాన్యం మిల్లులో గోనె బస్తాల మూతులు కుట్టాను. చదువు మూడో తరగతి, అదీ పూర్తిగా కాదు. మాట తక్కువ. మిల్లు చప్పుడులో మాట్లాడినా ఎవరికీ వినపడదు కాబట్టి ఆ అలవాటు అబ్బలేదు. పని మానేశాక గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చోడం మొదలుపెట్టాను. ఊరికే కూర్చుంటే బాగుండదని ఒక పుస్తకం తీశాను.

ఆ పుస్తకానికి అట్ట లేదు. ముందు పదహారు పేజీలు లేవు. కాబట్టి దాని పేరేమిటో, రాసిందెవరో తెలీదు. కాగితాలు ఊడిపోతుంటే ఇంటి నుంచి దబ్బనం, పురికొస తెచ్చి బస్తా కుట్టినట్టే కుట్టాను. చివర్న నా ముడి వేశాను. మిల్లులో ఆ ముడి ఎవరూ విప్పలేకపోయేవారు, కోసుకోవాల్సిందే. పుస్తకం వీపు మీద రేగుపండంత బొడిపె లేచింది.

నాకు కళ్ళతో చదవడం రాదు. నోటితో చదవాలి. వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాట పలికితేనే అర్థమవుతుంది. నా తల మీదే 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు ఉంది. దాన్ని కూడా నేను పైకే చదివాను.

గురమ్మ గ్రంథాలయం ఊడ్చే మనిషి. అక్షరం రాదు. హాలంతా ఐదు నిమిషాల్లో ఊడ్చేసి, నా బల్ల చుట్టూ మాత్రం ముప్పావు గంట ఊడ్చేది. ఊళ్ళో అంత శుభ్రమైన నాలుగు గజాల నేల ఇంకెక్కడా లేదు. ఎందుకు ఊడుస్తోందో నాకు మొదట్లో తెలీలేదు. ఒకరోజు ఆమె రాలేదు. మర్నాడు వచ్చి చీపురు పట్టుకుని కాసేపు విని, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నిన్న నాను రాలేదు గదా మావ. నాను లేకుండా ఎలగ సదివీసినావు?"

"సదివీసినాను."

"అయితే మల్లీ సదువు."

మళ్ళీ చదివాను. పుస్తక మిత్ర వేదికకి బ్యానరు ఉంది, అధ్యక్షుడున్నాడు, కార్యదర్శి ఉన్నాడు. మా ఇద్దరికీ పుస్తకం ఉంది.

ఆ పుస్తకంలో పోలమ్మ అనే ఆడమనిషి ఉంది. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఒక పాడిగేదె. అది తనదని బావగారు తోలుకుపోయాడు. పోలమ్మ కోర్టుకెక్కింది. తర్వాత వంద పేజీలు, పన్నెండేళ్ళు, వాయిదాలే. గేదె ముసలిదయింది, పోలమ్మ ముసలిదయింది, ప్లీడరు ఒక్కడే నవనవలాడుతూ ఉన్నాడు. చివరికి జడ్జికి విసుగొచ్చింది. గేదెని కోర్టు గేటు దగ్గర విప్పి వదలండి, అది ఎవరింటికి నడిస్తే వాళ్ళదే అన్నాడు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఎడమ పక్కకి వెళ్తే పోలమ్మ ఇల్లు. కుడి పక్కకి వెళ్తే బావగారి ఇల్లు. బంట్రోతు పలుపు విప్పాడు. గేదె మెడ తిప్పింది.

అక్కడితో నూట ఎనభై ఎనిమిదో పేజీ అయిపోయింది. అక్కడి దాకా రావడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

"ఎటు తిప్పినాది?" అంది గురమ్మ.

పదకొండు గంటలైంది, పొద్దుటి పూట మూసే వేళ. గ్రంథాలయం చూసే అనూరాధ తలుపు దగ్గర తాళాలు గలగలలాడిస్తోంది. విజయనగరం పిల్ల, కాంట్రాక్టు ఉద్యోగం. టైముకి మూయకపోతే అదో తప్పు.

"ఒక్క పేజీ మావ."

ఒక్క పేజీకి నాకు ఇరవై నిమిషాలు కావాలి. "ఎల్లుండి" అన్నాను. మర్నాడు శుక్రవారం, గ్రంథాలయానికి సెలవు.

"ఎల్లుండి దాకా ఆ గేదె మెడ తిప్పుకునే ఉంటాదేటి?"

పుస్తకంలో ఉన్న గేదె కదా, ఉంటుందనుకున్నాను.

శనివారం వెళ్ళేసరికి పుస్తకం లేదు.

అట్టలు లేనివి, పేజీలు పోయినవి తీసెయ్యమని పై నుంచి ఉత్తరం వచ్చిందట. అనూరాధ అలాంటివన్నీ తీసి గురువారం నాడే బల్ల మీద పేర్చింది. సాయంత్రం నేను లేనప్పుడు నాది కూడా అందులో చేరింది. "మీది పక్కన పెడదామనుకున్నాను తాతగారూ, మర్చిపోయాను" అంది. మంచిదే, కానీ బల్ల మీద ఇప్పుడు ఏవీ లేవు. ఎవరు తీశారో ఆమెకీ తెలీదు. బీరువాలో ఉండాల్సిన కొత్త పుస్తకాలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి. వాటిని ఆదివారం సభ కోసం తెప్పించారు.

ఆ సభ సంగతి చెప్పాలి. పుస్తక మిత్ర వేదికకి అధ్యక్షుడు భీమశంకరరావు మాస్టారు. రిటైరైన లెక్చరరు. ప్రతి నెలా ఒక పుస్తకం గురించి గంటసేపు మాట్లాడతారు. ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన రహస్యం చెప్పారు. "ముందుమాట చదివితే పుస్తకం చదివినట్టే ఎర్రన్నా. తక్కినదంతా విస్తరణ." మాస్టారు చాలా ముందుమాటలు చదివారు.

ఆయనకి ఈమధ్య ఒక ఆలోచన వచ్చింది. సభలకి వచ్చిన అతిథులకి పూలదండలు వెయ్యడం మానేసి పుస్తకాలు ఇవ్వాలట. "పువ్వులు వాడిపోతాయి. పుస్తకాలు వాడిపోవు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పుస్తకాలు ఎందుకు వాడిపోవో నాకు తర్వాత తెలిసింది. వాటికి గాలి తగలనివ్వరు.

కార్యదర్శి నరసింగరావు. ఆయనకి మెయిన్ రోడ్డు మీద ఫ్యాన్సీ షాపుంది. పుస్తకాలకి రంగు కాగితం చుట్టే పని ఆయన మీద పెట్టారు. శుక్రవారం మాస్టారి దగ్గరున్న రెండో తాళం తీసుకుని వెళ్ళి, బల్ల మీద ఉన్న పుస్తకాలు ఏడు తీసుకుని చుట్టేశాడు. నీలం కాగితం, దాని మీద వెండి చుక్కలు. మిగిలినవి అడ్డంగా ఉన్నాయని బయట పెడితే పాత కాగితాలవాడు ఎత్తుకుపోయాడు. బీరువా తెరవలేదు. చేతిలో ఉన్నదానికి అట్ట ఉందో లేదో చూడలేదు. ఆయన కొట్లో ఏ సరుకైనా అంతే, ముందు చుట్టేస్తాడు, తర్వాత అదేమిటని అడుగుతాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆదివారం సాయంత్రం ఏమీ తెలీకుండానే వేదిక ఎదురుగా కూర్చున్నాను. మా పదకొండు మందిలో తొమ్మిది మంది వేదిక మీద కూర్చుంటారు. మిగిలిన ఇద్దరం ప్రేక్షకులం. ఆ రోజు రెండోవాడు రాలేదు. ముఖ్య అతిథి శ్రీకాకుళం నుంచి వచ్చిన కూర్మనాథం గారు, పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. ఇతరుల పుస్తకాలకి ముందుమాటలు రాస్తారు. అంటే మాస్టారు చదివేవన్నీ ఆయన రాసినవే.

మాస్టారు ఆయన చేతికి నీలం ప్యాకెట్టు ఇచ్చారు. ఫొటో కోసం ఇద్దరూ దాన్ని పట్టుకుని ఇటు తిరిగారు. ప్యాకెట్టు వీపు మీద రేగుపండంత బొడిపె ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ళు వేసిన ముడి. కాగితం కప్పితే గుర్తుపట్టనా.

లేచాను. నేను లేవడం సభలో ఎప్పుడూ జరగలేదు కాబట్టి అందరూ చూశారు. "అది నాది" అన్నాను.

నరసింగరావు వేదిక మీద నుంచి నవ్వాడు. "నీకూ ఇస్తాం గాని కూకో తాతా. ఆశ పడకూడదు."

అనూరాధ నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. సభ అయ్యాక వెనక గదిలోకి తీసుకెళ్ళింది. "తాతగారూ, దండం పెడతాను. ప్రభుత్వ పుస్తకాలు బహుమానాలుగా పంచేశారని పైకి తెలిస్తే ముందు పోయేది నా ఉద్యోగం. నరసింగరావుగారికి కొట్టుంది. మాస్టారికి పెన్షనుంది. నాకేముంది?"

"ఆయన ఇప్పితే?"

"విప్పరు తాతగారూ. ఎవరూ విప్పరు." ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆమెకి ధైర్యం వచ్చింది. ఆ వారమే పై ఆఫీసుకి కాగితం రాసింది, తీసేసిన పుస్తకాలు చెదలు తినేశాయని. చెదలు అభ్యంతరం చెప్పవు.

తలుపు పక్కన గురమ్మ అంతా విన్నది. నన్ను చూసి ఒక్కటే అడిగింది. "మరి గేదె?"

మర్నాడు ఆమె నా బల్ల చుట్టూ రెండు నిమిషాల్లో ఊడ్చేసి వెళ్ళిపోయింది. అది నాకు బాగోలేదు.

వారం తర్వాత అనూరాధ ఫోనులో ఒక ఆహ్వానం చూపించింది. రాజాంలో కల్యాణమండపంలో ఒక కవిగారి పుస్తకం ఆవిష్కరిస్తున్నారు. కూర్మనాథం గారు ముఖ్య అతిథి. "ఆయనకి వచ్చిన ప్యాకెట్లు ఇంట్లో పెట్టుకోడానికి చోటు ఉండదు తాతగారూ. తర్వాతి సభలో ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందరూ అంతే" అంది.

గురమ్మా నేనూ బస్సెక్కాం. మొదటి వరసలో కూర్చున్నాం. మూడున్నర గంటలు నడిచింది. ఆఖర్న కూర్మనాథం గారు "నా చిరుకానుక" అంటూ సంచిలోంచి తీశారు. నీలం కాగితం, వెండి చుక్కలు. కవిగారు కళ్ళకద్దుకున్నారు.

గురమ్మ నా చెవిలో అంది. "ఓలమ్మ, పెళ్ళికి పెట్టిన జాకెట్టు ముక్కలాగ తిరుగుతన్నాదిది."

అవును. మన ఆడవాళ్ళు ఒకళ్ళు పెట్టిన జాకెట్టు ముక్క విప్పకుండా ఇంకొకళ్ళకి పెడతారు. అది ఏ పెళ్ళిలో బయలుదేరిందో ఎవరికీ తెలీదు. గొప్పవాళ్ళ పుస్తకాలు కూడా అలాగే తిరుగుతాయని నాకు అప్పటిదాకా తెలీదు. మూడో తరగతితో ఆపేస్తే ఇలాంటివి ఆలస్యంగా తెలుస్తాయి.

కవిగారు తర్వాత అరసవల్లిలో ఒక సంగీతం టీచరమ్మకి సన్మానం చేస్తున్నారని అనూరాధ చూసి చెప్పింది. అక్కడికీ వెళ్ళాం. గుడికి దగ్గర్లో, లాడ్జి పైన హాలు. గురమ్మ కుదురుగా కూర్చోలేదు. టీలు అందించేవాళ్ళలో కలిసిపోయి వేదిక పక్కకి వెళ్ళి, ప్యాకెట్టు మీద చెయ్యి వేసి నొక్కి వచ్చింది.

"ముడి ఉన్నాది మావ. నీ ముడే. ఎత్తుకొచ్చీనా?"

"దొంగతనమే."

"మనది మనం తెచ్చుకుంటే దొంగతనమేటి?"

"మనదని సెప్పలేం గదే. సెప్తే ఆ పిల్ల ఉద్యోగం పోద్ది."

గురమ్మ ఆలోచించింది. "ఆ పిల్లకి ఒక తమ్ముడున్నాడు, సదువుకుంటన్నాడు" అని తనే చెప్పుకుని, టీ గ్లాసులు ఏరడానికి వెళ్ళిపోయింది.

నా భయం వేరు. ఎవరో ఒకరు ఎప్పుడో విప్పుతారు. విప్పి చూస్తే అట్ట లేని పుస్తకం, పురికొసతో కుట్టింది. చెత్తబుట్టలో వేస్తారు. విప్పనంత కాలమే మా గేదె బతికి ఉంటుంది. అందుకని ప్రతి సభలోనూ ఎవరి చేతిలోకి వెళ్తుందా అని ఆ ప్యాకెట్టునే చూస్తూ, కదలకుండా, తుమ్మకుండా, మొదటి నుంచి చివరి దాకా కూర్చున్నాను. నా భయం అనవసరమే. పెద్దవాళ్ళ మీద నాకే నమ్మకం చాల్లేదు.

టీచరమ్మ దాన్ని గజపతినగరం తీసుకెళ్ళింది. అక్కడ ఒక సాహిత్య సభ. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు, మా భీమశంకరరావు మాస్టారే. టీచరమ్మ ఆయన చేతిలో నీలం ప్యాకెట్టు పెట్టింది. తను చుట్టించి, తను పంచిపెట్టిన ప్యాకెట్టు నాలుగు నెలలు తిరిగి తన చేతికే వస్తే మాస్టారు పోల్చుకోలేదు. "ఎంత అందంగా చుట్టారమ్మా" అన్నారు.

తిరుగు బస్సులో మాస్టారు, నేను ఒకే సీటు. ప్యాకెట్టు ఆయన ఒళ్ళో ఉంది. ముడి నా మోకాలికి గుచ్చుకుంటోంది. గురమ్మ వెనక సీట్లోంచి నా భుజం పొడుస్తోంది. సరే అని నోరు తెరిచాను.

"మాస్టారూ, ఆ పుస్తకం నాకిస్తారా?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "ప్రేమతో ఇచ్చిన కానుక ఎర్రన్నా. ప్రాణంతో సమానం. ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పుతుందా?"

మూడు వారాలకి ఒప్పింది.

అదెలాగంటే, నేను పేరుపడ్డాను. రాజాంలో, అరసవల్లిలో, గజపతినగరంలో ఒక ముసలాయన మొదటి వరసలో కూర్చుని, ఫోను చూడకుండా, లేచి వెళ్ళకుండా, చివరి వందన సమర్పణ దాకా వేదిక మీద నుంచి కళ్ళు తిప్పకుండా వింటాడని సభల వాళ్ళలో చెప్పుకోవడం మొదలైంది. ఇటు రెండు జిల్లాల్లోనూ మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. వినేవాడు దొరకడం ఇదే మొదలట. కూర్మనాథం గారు స్వయంగా మాస్టారికి ఫోను చేసి, అటువంటి మనిషికి సన్మానం చెయ్యకపోతే మనకే చిన్నతనం అన్నారు. మాస్టారు వెంటనే పూనుకున్నారు. ఉత్తమ శ్రోత అని బిరుదు. మా గ్రంథాలయంలోనే సభ. బ్యానరు మీద నా ఫొటో, మహిళా పఠన బృందంలోంచి తీసింది కాబోలు, మోచేతి నుంచి మొహం దాకా సాగదీసినట్టుంది.

ఆదివారం సాయంత్రం ఐదు గంటలకి మొదలైంది. ఏప్రిల్ నెల. శాలువా కప్పారు. హాలు నిండింది, ఎందుకంటే మూడు ఊళ్ళ సభల వాళ్ళూ తమ శ్రోతని చూసుకోడానికి వచ్చారు. పేపరు విలేఖరి కూడా వచ్చాడు. గురమ్మ చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. అనూరాధ ఆ పక్కనే.

మాస్టారు నా గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. వేలాది గ్రంథాలు ఔపోసన పట్టాడన్నారు. నేను చదివింది ఒక పుస్తకం. అందులో నూట ఎనభై ఎనిమిది పేజీలు. ముందు పోయిన పదహారూ తీసెయ్యండి. కూర్మనాథం గారు లేచి, నా మౌనంలో తనకి ఉపనిషత్తులు వినిపించాయన్నారు. వినిపించి ఉండొచ్చు. నాకు మాత్రం బొడిపె కనిపిస్తోంది. బల్ల మీద, పళ్ళ పళ్ళెం పక్కన, నీలం కాగితంలో.

నరసింగరావు ప్యాకెట్టు తీసి మాస్టారికి ఇచ్చాడు. మాస్టారు నాకు ఇచ్చారు. ఫొటో తీశారు. "ఎర్రన్న రెండు మాటలు మాట్లాడాలి" అన్నారు.

నేను కాగితం చింపాను.

పుస్తకాలిచ్చే సభలో కాగితం చిరిగిన చప్పుడు అక్కడున్న వాళ్ళెవరూ అంతకు ముందు విని ఉండరు. అందరూ ఒక్కసారి మాట ఆపేశారు. నరసింగరావు నా పక్కకి వంగాడు. "ఏటి తాతా ఇది, ఇంటికెల్లి ఇప్పుకోవాల గదా. ఇక్కడెవలైనా ఇప్పుతారేటి?"

పురికొస కనిపించింది. తర్వాత పదిహేడో పేజీ, దానిమీద మా గ్రంథాలయం గుండ్రటి ముద్ర, ఊదారంగుది. అరచెయ్యి అడ్డం పెట్టాను గానీ ఆలస్యమైంది. మాస్టారు చూశారు.

తలుపు దగ్గర అనూరాధ గోడకి ఆనుకుంది.

మాస్టారు నోరు తెరిచారు. ముద్రని చూశారు, నీలం కాగితాన్ని చూశారు, నరసింగరావుని చూశారు. తెరిచిన నోరు అలాగే ఉంది. ఆయన మనసులో ఏం నడిచిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ దారంతా నేను బస్సులో తిరిగాను. గ్రంథాలయం పుస్తకం ఇక్కడికి ఎలా వచ్చింది అని అడగాలి. అడిగితే టీచరమ్మ ఇచ్చిందనాలి. టీచరమ్మ రెండో వరసలో ఉంది, కవిగారిచ్చారంటుంది. కవిగారు ఆమె వెనకే ఉన్నారు, కూర్మనాథం గారిచ్చారంటారు. కూర్మనాథం గారు మాస్టారి పక్కనే ఉన్నారు, నువ్వే ఇచ్చావయ్యా అంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు, మరి మీలో ఒక్కరూ విప్పి చూడలేదా అంటారు.

కూర్మనాథం గారు అప్పటికే తలెత్తి ఫ్యాను వైపు చూస్తున్నారు. కవిగారు చెప్పు లోపల ఏదో వెతుక్కుంటున్నారు. టీచరమ్మ కొంగు సర్దుకుంది.

మాస్టారు నోరు మూసుకుని కూర్చున్నారు. గోడ మీద ఆ 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు పెట్టాక దాని మాట ఆ హాలు మొత్తం వినడం అదే మొదలు. అనూరాధ ఉద్యోగం ఆ నిశ్శబ్దంలో నిలబడిపోయింది.

"రెండు మాటలు" అన్నాడు నరసింగరావు, ఏమీ అర్థంకాక.

నూట ఎనభై తొమ్మిది తీశాను. వేలు పెట్టాను. చదివాను.

గేదె ఎడమ వైపు రెండడుగులు వేసింది. పోలమ్మ లేచి నిలబడింది. గేదె ఆగింది. తోక విసిరింది. కుడి వైపు తిరిగి మూడడుగులు వేసింది. బావగారు కండువా సర్దుకున్నాడు.

ఇంతవరకు రావడానికి నాకు పది నిమిషాలు పట్టింది. శాలువా వల్ల చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకున్నాను. విలేఖరి రాసుకుని లేచి వెళ్ళిపోయాడు. కూర్మనాథం గారికి ఇంకో సభ ఉందట, చేతులు జోడించి వంగి వంగి దిగిపోయారు. ఆయన వెనక కవిగారు. కుర్చీలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. ఉత్తమ శ్రోతని చూడ్డానికి వచ్చారు గానీ, వినడానికి ఎవరూ రాలేదు. నరసింగరావు కొట్టు తియ్యాలని వెళ్ళాడు.

"ఆపకు మావ" అంది గురమ్మ. చీపురు గోడకి ఆనించి, మొదటి వరసలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళలో ఆ హాల్లో ఆమె కుర్చీలో కూర్చోడం నేను చూళ్ళేదు. అనూరాధ కూడా వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

మాస్టారు వెళ్ళలేదు. అధ్యక్షుడు కాబట్టి వెళ్ళకూడదు. కాసేపటికి నావైపు వంగారు.

"రచయిత ఎవరు ఎర్రన్నా?"

"తెల్దు మాస్టారు. ముందుమాట సిరిగిపోనాది."

ఇక వినడం తప్ప ఆయనకి వేరే దారి లేదు. చెయ్యి చెంపకి ఆనించుకున్నారు.

చదివాను. రోడ్డు పక్కన నిన్నటి వాన నీళ్ళు గుంటలో నిలబడి ఉన్నాయి. గేదె రెండు వైపులా మరోసారి చూసింది. తర్వాత తిన్నగా ఆ గుంటలోకి దిగి, ముక్కు మాత్రం పైకి పెట్టి పడుకుంది. బంట్రోతు అదిలించాడు. బావగారు కర్ర విసిరాడు. పోలమ్మ పేరు పెట్టి పిలిచింది. అది లేవలేదు. జడ్జి ఐదింటి దాకా చూసి, కేసు వచ్చే నెలకి వాయిదా వేశాడు.

పేజీ అయిపోయింది. తల ఎత్తాను.

"ఎవరింటికీ వెళ్ళలేదా?" అన్నారు మాస్టారు. నిజంగానే అడిగారు.

"ఎందుకెల్తాది మాస్టారు" అంది గురమ్మ. "పన్నెండేళ్ళనుంచి ఇద్దరూ తాడే గదా పట్టుకున్నారు. నీళ్ళే నయం."

మాస్టారు కాసేపు ఆలోచించారు. వేదిక తరఫున పుస్తకం మీద చర్చ జరగడం అదే మొదలని అనూరాధ తర్వాత అంది. దాన్ని ఆ నెల కార్యక్రమంగా పైకి పంపింది. ఫొటో కావాలి కాబట్టి నా వెనక చెట్టు బొమ్మ బ్యానరు పట్టించింది.

ఆ పుస్తకాన్ని చెదలు తినేశాయి కాబట్టి గ్రంథాలయానిది కాదు. సన్మానంలో ఇచ్చారు కాబట్టి నాది. ఇంటి దగ్గర ఫ్యాను సరిగ్గా తిరగదు, అందుకని రోజూ సంచిలో వేసుకుని గ్రంథాలయానికే తీసుకెళ్తున్నాను. ఇంకా పదిహేను పేజీలున్నాయి.

మంగళవారం పేపర్లో వార్త వచ్చింది. గురమ్మ చదవమంది. 'సన్మాన సభలో ఎర్రన్న తన చిన్ననాటి గేదెను తలచుకుని కంటతడి పెట్టారు. సభికులు కూడా కన్నీరు ఆపుకోలేకపోయారు' అని ఉంది.

"నువ్వెప్పుడేడిసినావు?"

"తెల్దు."

"ఆ పేపరోడు మజ్జిలోనే ఎల్లిపోనాడు గదా. ఆడూ ఇప్పి సూల్లేదన్నమాట."

పేపరు మడిచి అవతల పెట్టి పుస్తకం తీశాను. గురమ్మ నా బల్ల చుట్టూ, అప్పటికే ఊడ్చేసిన నాలుగు గజాల నేల మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.